క్లచ్ యాక్చుయేటర్ పోయిందా, తీగలో తేడా వచ్చిందా?

మీ ఎఎంటి కారు దగ్గరికి వెళ్లి డ్రైవర్ వైపు తలుపు తీయండి. తాళం పెట్టకముందే బానెట్ కింద నుంచి జుయ్‌మని ఒక మోత వచ్చి కొన్ని సెకన్లలో ఆగిపోతే, అది ఆయిల్ పంపు. మీరు బండి ఎక్కబోతున్నారని తలుపు స్విచ్ ద్వారా తెలుసుకుని, క్లచ్ నొక్కడానికి కావలసిన ఒత్తిడిని ముందే సిద్ధం చేసుకుంటోంది. అన్ని బళ్లలోనూ ఈ ఏర్పాటు ఉండదు. ఉన్నవాళ్లకు మాత్రం నేను చెప్పేది ఒకటే: ఆ మోతను రోజూ వినండి, ఎన్ని సెకన్లు వస్తుందో మనసులో లెక్కపెట్టుకోండి. గేరు పడనని బండి మొరాయించిన రోజున మీ చేతిలో ఉండే మొదటి ఆధారం అదే.

విజయవాడ ఆటోనగర్‌లో వైరింగ్ పని చేస్తూ నేను ఎక్కువ బాధపడింది, బాగున్న యాక్చుయేటర్లను ఊడదీసి మూల పడేయడం చూసి. మీటర్ బోర్డు మీద గేరు అక్షరం మిణుకుమంటుంది. స్కానర్ పెడితే ‘క్లచ్ యాక్చుయేటర్’ అన్న మాట వస్తుంది. ఆ మాట వచ్చిందే తడవుగా ఎస్టిమేట్ రాసేస్తారు. ఓనర్ అప్పో సప్పో చేసి కొత్తది వేయించుకుంటాడు. నెల తిరక్కముందే అదే చోట, అదే ట్రాఫిక్‌లో, బండి మళ్లీ ఆగిపోతుంది. ఈ అధ్యాయం చదివాక మీరు మెకానిక్ అయితే ఎస్టిమేట్ రాసేముందు, ఓనర్ అయితే దానికి ఒప్పుకునేముందు, ఒక పావుగంట మల్టీమీటర్‌తో గడపాలని నా కోరిక.

ముందు లోపల ఏం జరుగుతోందో తెలియాలి. ఎఎంటి అంటే మామూలు గేర్‌బాక్సే, మామూలు క్లచ్చే. ఎడమ కాలు చేసే పని ఒక యంత్రం చేస్తుంది. 2014 ఫిబ్రవరిలో ఆటో ఎక్స్‌పోలో మారుతి సుజుకి సెలెరియో వచ్చినప్పుడు మన దేశంలో మధ్యతరగతి ఇళ్లకు ఈ పద్ధతి పరిచయమైంది. అందులోని సామగ్రి ఇటలీకి చెందిన మాగ్నెటి మారెల్లీ వాళ్లది. ఆ పద్ధతిలో కరెంటు పంపు ఆయిల్‌ని ఒత్తి అక్యుములేటర్ అనే చిన్న డబ్బాలో దాస్తుంది. సోలెనాయిడ్ వాల్వులు ఆ ఒత్తిడిని క్లచ్ వైపుకీ గేర్ల వైపుకీ వదులుతాయి. కొన్ని ఇతర బళ్లలో ఆయిల్ ఉండదు, నేరుగా ఒక మోటారు క్లచ్‌ను తోస్తుంది. ఏదైనా సరే, క్లచ్ ఎంత దూరం జరిగిందో చెప్పడానికి ఒక పొజిషన్ సెన్సర్ ఉంటుంది. వీటన్నిటికీ పెద్ద టిసియు, అంటే గేర్‌బాక్స్ కంప్యూటర్. ‘ఇంత జరుగు’ అని అది ఆజ్ఞ ఇస్తుంది, ‘ఇంత జరిగాను’ అని సెన్సర్ బదులిస్తుంది. ఆ రెండు అంకెలూ కలవనప్పుడే మీ మీటర్ బోర్డు మీద దీపం వెలుగుతుంది.

కాబట్టి స్కానర్ చెప్పేది ‘అంకెలు కలవలేదు’ అని మాత్రమే. ఎవరి వల్ల కలవలేదో అది చెప్పలేదు. కోడ్ చదవడంలో మనం పొరబడేది ఇక్కడే. పి0900, పి0902, పి0903 అనేవి యాక్చుయేటర్ సర్క్యూట్ కోడ్‌లు: తీగ తెగింది, వోల్టేజి ఉండాల్సిన దానికన్నా తక్కువగా ఉంది, లేదా ఎక్కువగా ఉంది అని. అదే వరసలోని పి0901 స్వభావం వేరు. కరెంటు దారి బాగానే ఉన్నట్టుంది గానీ, పని అనుకున్నట్టు జరగలేదంటుంది. పి0810 కూడా అలాంటిదే, క్లచ్ అడిగిన చోటుకి రాలేదని దాని ఫిర్యాదు. ఇవి వచ్చినప్పుడు ఆయిల్ తగ్గిందా, పైపు కారుతోందా, రిలీజ్ బేరింగ్ బిగుసుకుందా అని కూడా చూడాలి. పి0805 నుంచి పి0809 దాకా సెన్సర్ తాలూకువి. వాటిలో పి0809 అంటే ‘ఉండి ఉండి వస్తోంది’ అని. అది కనబడితే నేను భాగం మాట పక్కన పెట్టేసి కప్లర్ల వైపు, తీగల వైపు చెయ్యి చాస్తాను. ఇక యాక్చుయేటర్ కోడ్‌తో పాటు పి0562 కూడా ఉంటే, అంటే మొత్తం బండిలోనే వోల్టేజి తక్కువని ఉంటే, పని బ్యాటరీ దగ్గర మొదలుపెట్టాలి.

కోడ్‌లు కాగితం మీద రాసుకోకుండా చెరిపేయకండి. ఏ కోడ్ ముందు వచ్చింది, ఏది తర్వాత వచ్చింది, అప్పుడు స్పీడెంత, వోల్టేజి ఎంత అని ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఉంటుంది. చెరిపితే సాక్ష్యం మన చేత్తో మనమే తుడిచినట్టు.

ఆ తర్వాత చేయాల్సింది ఓనర్‌ని అడగడం. ఈ పనికి మీటరు అక్కర్లేదు, ఓపిక కావాలి. ఒక పెద్దాయన, రిటైరైన హెడ్‌మాస్టరు, ఏడేళ్ల వయసున్న తన కారు తీసుకొచ్చారు. మరోచోట యాక్చుయేటర్ మొత్తం మార్చాలన్నారట. ఆ ఎస్టిమేట్ కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకుని వచ్చారు.

“ఎప్పుడు ఆగుతోంది మాస్టారూ?”

“పొద్దున గుడికి వెళ్లేటప్పుడు బంగారంలా వెళ్తుంది బాబూ. సాయంత్రం బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడి ఆగానా, మళ్లీ గేరు పడదు. ఆపి స్టార్ట్ చేస్తే పడుతుంది.”

“సాయంత్రం ఏసీ, లైట్లు వేస్తారు గదా?”

“వేస్తాను మరి.”

“ఇది మొదలవక ముందు బండికి ఏ పనైనా చేయించారా?”

ఆయన కాసేపు ఆలోచించారు. “గేర్‌బాక్సుకి ఏమీ చేయించలేదు. బ్యాటరీ మాత్రం వేయించాం. అది సంక్రాంతికి ముందు.”

బండి మొరాయించడం సంక్రాంతి తర్వాత మొదలైంది. ఆ ఒక్క జవాబుతో సగం దారి తెలిసింది. పొద్దున బాగుండి సాయంత్రం ట్రాఫిక్‌లో చెడిందంటే లోడు పెరిగినప్పుడు చెడుతోందన్నమాట. సిగ్నళ్ల దగ్గర గేర్లు ఎక్కువసార్లు మారతాయి, పంపు ఎక్కువసార్లు తిరుగుతుంది, ఇంజన్ ఐడిలింగ్‌లో ఉండటంతో ఆల్టర్నేటర్ నుంచి వచ్చే కరెంటు తక్కువ. పైగా ఏసీ ఫ్యానూ, హెడ్‌లైట్లూ. మాస్టారి జవాబులు వినగానే బానెట్ ఎత్తి బ్యాటరీ దగ్గరికే వెళ్లాను.

బ్యాటరీ లెక్క పొడుగ్గా చెప్పను. కొన్ని గంటలు ఊరికే ఉన్న మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపాలి. 12.2 ఉంటే సగం ఖాళీ. సెల్ఫ్ కొట్టినప్పుడు 9.6 కన్నా కిందికి పడకూడదు. ఇంజన్ తిరుగుతుంటే చాలా బళ్లలో 13.8 నుంచి 14.5 మధ్య ఉంటుంది, కొత్త తరం స్మార్ట్ చార్జింగ్ బళ్లలో ఇది కాస్త పైకీ కిందికీ ఊగుతుంది. మాస్టారి బండిలో ఈ అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ ఎస్టిమేట్ రాసినవాళ్లు కూడా ఇక్కడి దాకా చూసే ఉంటారు. బ్యాటరీ బాగుంది, ఫ్యూజు బాగుంది, తీగకు కంటిన్యూటీ బీప్ వస్తోంది. ఇక మిగిలింది యాక్చుయేటరే గదా అనుకున్నారు.

ఈ బీప్‌ను నమ్మడం మానుకోమని నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకు మొదటి రోజే చెబుతాను. ఇరవై పోగులున్న తీగలో పందొమ్మిది తెగి ఒక్కటే మిగిలినా మీటరు బీప్ అంటుంది. ఆ తీగ చివర వోల్టేజి కొలిస్తే పన్నెండు చూపిస్తుంది కూడా. ఎందుకంటే మీటరు తాగే కరెంటు అతి స్వల్పం. పంపు తిరగడం మొదలుపెట్టి ఇరవై ఆంపియర్లు అడిగినప్పుడే ఆ ఒంటిపోగు బండారం బయటపడుతుంది. పైపులో చెత్త అడ్డుపడితే కొళాయి మూసి ఉన్నంతసేపూ ప్రెషర్ గేజ్ నిండుగానే చూపిస్తుంది, తిప్పితే నీళ్లు సన్నగా కారతాయి. అదే ఇది.

అందుకే వోల్టేజి డ్రాప్ కొలవాలి, అదీ పని జరుగుతుండగానే కొలవాలి. మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టండి. నల్ల వైరు బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, అంటే క్లిప్పు మీద కాకుండా సీసపు దిమ్మ మీదే ఆనించండి. ఎర్ర వైరు పంపు మోటారు ఎర్తు తీగ మీద ఆనించండి. ఇప్పుడు మీటరు సున్నా చూపిస్తుంది. ఇంకొకరిని లోపల కూర్చోబెట్టి, బ్రేకు నొక్కించి, గేరు లివర్ అటూ ఇటూ మార్పించండి. పంపు తిరిగే ఆ రెండు మూడు సెకన్లూ మీటరు మీంచి కన్ను తీయొద్దు.

మాస్టారి బండిలో సున్నా నుంచి అంకె ఒక్కసారి ఎగిరి 2.3 దగ్గర నిలబడింది. పంపు ఆగగానే మళ్లీ సున్నా.

“అన్నా, మీటరు పోయిందా?” అన్నాడు లోపల కూర్చున్న కుర్రాడు. మీటరు పోలేదు. మంచి ఎర్తు దారిలో అది 0.2 కన్నా దిగువనే ఉండాలి. 2.3 వోల్టులు పంపుకి చేరకుండా దారిలోనే ఆవిరైపోతున్నాయి. క్లాంప్ మీటరు వేస్తే పంపు తీసుకుంటున్నది సుమారు 20 ఆంపియర్లు. 2.3ని 20తో భాగిస్తే 0.115 ఓము. ఇంత చిన్న అడ్డంకిని మామూలు మల్టీమీటర్ ఓముల మీద పెట్టి ఎప్పటికీ పట్టుకోలేరు. దాని రెండు వైర్లనూ ఒకదానికొకటి ఆనిస్తేనే 0.2, 0.3 చూపిస్తుంది గదా. అందుకే ఈ పరీక్షకు అంత విలువ.

ఇక మిగిలింది అడుగడుగునా వెనక్కి నడవడం. ఎర్ర వైరును పంపు దగ్గర నుంచి ఎర్తు తీగ వెంబడి ఒక్కో జాయింటు దగ్గరా ఆనిస్తూ బ్యాటరీ వైపు వచ్చాను. మొదటి జాయింటు దగ్గర 2.2. బాడీ ఎర్తు లగ్గు దగ్గర 2.2. ఆ లగ్గు బోల్టు పడే రేకు మీద ఆనించగానే 0.1. లగ్గుకీ రేకుకీ మధ్య ఉన్న అరంగుళంలో ఉంది దొంగ. బ్యాటరీ ట్రే తీసి చూస్తే, ట్రే బోల్టు కిందే ఎర్తు లగ్గు ఉంది. కొత్త బ్యాటరీ వేసినవాళ్లు ట్రే ఊడదీసి మళ్లీ బిగించినప్పుడు, లగ్గును పెయింటు ఉన్న వైపు పెట్టి, బోల్టు పూర్తిగా బిగించకుండా వదిలేశారు. యాసిడ్ తడికి లగ్గు చుట్టూ పచ్చగా చిలుము పట్టింది. గరుకు కాగితంతో రేకు తళతళలాడేదాకా రుద్ది, లగ్గు శుభ్రం చేసి, బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాశాం. మళ్లీ కొలిస్తే 0.04. పని మొత్తం నలభై నిమిషాలు.

ప్లస్ వైపు కూడా ఇదే పద్ధతి. ఎర్ర వైరు బ్యాటరీ ప్లస్ దిమ్మ మీద, నల్ల వైరు పంపు ప్లస్ తీగ మీద. ఇక్కడ దారిలో ఫ్యూజు, రిలే ఉంటాయి గనక కొంచెం ఎక్కువ రావచ్చు. అయినా అర వోల్టు దాటితే ఊరుకోకండి. రిలే కాంటాక్టులు కాలిపోతే నష్టం అక్కడ జరుగుతుంది. పక్కనే అదే నంబరు రిలే ఉంటే మార్చి చూడొచ్చు, కాళ్ల వరస కూడా ఒకటేనని సరిచూసుకున్నాకే. కాంటాక్టులు అతుక్కుపోతే పంపు ఆగకుండా తిరుగుతూ మోటారును కాల్చుకుంటుంది. మోత ఆగలేదని ఓనర్ చెబితే బండి నడపొద్దని ఫోన్లోనే చెప్పేస్తాను.

ఫ్యూజు పదే పదే కాలిపోతుంటే పెద్ద ఫ్యూజు వేసే పని చేయకండి. ఆ తర్వాత కాలేది తీగే. ఒక పాత హెడ్‌లైట్ బల్బు తీసుకోండి. 55 వాట్ల బల్బు నాలుగున్నర ఆంపియర్లకు మించి వెళ్లనివ్వదు. దాన్ని ఫ్యూజు స్థానంలో రెండు తీగలతో కలపండి, పంపు కప్లర్ పీకేయండి. అయినా బల్బు నిండు వెలుగుతో మండుతోందంటే, తీగ ఎక్కడో బాడీకి తగిలిందన్నమాట. ఇక బల్బును చూస్తూ తీగల కట్టను అంగుళం అంగుళం కదిపి వెళ్లండి. ఏ చోట కదిపితే బల్బు ఆరిందో అక్కడే రాపిడి ఉంటుంది. కప్లర్ పీకగానే బల్బు ఆరిపోతే, అప్పుడు మోటారును అనుమానించండి. ఈ బల్బును పంపు లాంటి బరువైన సర్క్యూట్లకే వాడాలి. సెన్సర్ తీగలకో టిసియు పిన్నుకో తగిలిస్తే కంప్యూటర్ లోపలి ట్రాన్సిస్టర్ పోతుంది.

సెన్సర్ సంగతి సున్నితం. చాలా బళ్లలో దానికి మూడు తీగలు: 5 వోల్టులు, ఎర్తు, సిగ్నల్. ఇగ్నిషన్ ఆన్ చేసి కప్లర్ వెనక నుంచి సన్నని గుండుసూది జొనిపి కొలవాలి. ముందు నుంచి మీటరు లావు పిన్నును ఆడ టెర్మినల్లోకి దూర్చకండి. టెర్మినల్ నోరు తెరుచుకుంటుంది, ఆ తర్వాత ఎప్పటికీ పట్టు ఉండదు. పరీక్ష పేరుతో కొత్త రోగం అంటించినట్టే. తీగ తోలును సూదితో పొడవడమూ అంతే, వానాకాలం రాగానే ఆ రంధ్రంలోంచి తడి దిగుతుంది. 5 వోల్టులు రాకపోతే టిసియు పోయిందని కంగారు పడొద్దు. ఆ 5 వోల్టుల గీత మీదే ఇంకో రెండు మూడు సెన్సర్లు కూడా బతుకుతుండొచ్చు. ఒక్కొక్కటే పీకుతూ రండి, ఏది పీకితే వోల్టేజి లేచి నిలబడిందో దానిదే దోషం. సిగ్నల్ మాత్రం క్లచ్ కదులుతుంటే మెట్లు లేకుండా నున్నగా మారాలి. మధ్యలో ఒక్కసారి కిందికి జారి లేచిందంటే, స్కానర్‌లో గ్రాఫ్ పెట్టి తీగ కదుపుతూ చూడండి.

స్కానర్‌కి టిసియు అసలు పలకకపోతే, యు0101 కోడ్ కనిపిస్తే, బ్యాటరీ నెగటివ్ తీసి ఓబిడి సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య ఓములు కొలవండి. మామూలు బళ్లలో 60 రావాలి. 120 వస్తే కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే లైను ఒక చివర తెగింది, సున్నాకి దగ్గరగా ఉంటే రెండు తీగలూ కలిశాయి.

నీటి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, మా ఊళ్లో అది అందరి అనుభవం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలు మునిగాయి. ఇళ్ల ముందున్న కార్లూ మునిగాయి. ఆరబెట్టి, ఆయిల్ మార్చి, చాలా బళ్లు రోడ్డెక్కించారు. అసలు బాధ నెలల తర్వాత మొదలైంది. తోలు లోపల పోగుల మధ్య నుంచి నీరు దీపపు వత్తిలోకి నూనె పాకినట్టు పాకి, కప్లర్‌కి దూరంగా ఎక్కడో రాగిని తినేస్తుంది. పైకి తీగ కొత్తదానిలాగే ఉంటుంది. అలాంటి తీగను వేళ్ల మధ్య మెల్లగా వంచుతూ పోతే ఒకచోట అటుకులు నలిగినట్టు కరకరలాడుతుంది. అక్కడ కోసి చూస్తే ఎర్రగా ఉండాల్సిన రాగి నల్లగా, పచ్చగా పొడి రాలుతుంది. మునిగిన బండికి ఎఎంటి కంప్లయింట్ వస్తే నేను యాక్చుయేటర్ మాట ఎత్తను. ముందు కప్లర్లన్నీ విప్పిస్తాను. మునగని బళ్లకు కూడా ప్రెషర్ వాటర్ వాష్ నీళ్లు, బానెట్ కింద కాపురం పెట్టే ఎలుకలు ఇంతే చేటు చేస్తాయి.

ఇదంతా చూశాక, దారులన్నీ బాగున్నాయని అంకెలు ఒప్పుకున్నాక, తప్పు యాక్చుయేటర్‌లోనే అని తేలే బళ్లూ ఉంటాయి. పంపుకి నిండు వోల్టేజి అందుతోంది, కానీ ఒత్తిడి ఎక్కడం లేదు. సోలెనాయిడ్ చుట్ట చల్లగా ఉన్నప్పుడు మాన్యువల్ చెప్పిన ఓములే చూపి, వేడెక్కాక తెగిపోతోంది. గేరు ఒకసారి మార్చగానే పంపు పరుగెత్తుతోంది, మార్చకపోయినా కాసేపటికే మళ్లీ తిరుగుతోంది. ఇవి తేలినప్పుడు భాగం మార్చమని ఓనర్‌కి ధైర్యంగా చెప్పండి, చేతిలో అంకెలున్నాయి గనక. కొత్తది వేశాక స్కానర్‌తో క్లచ్ లెర్నింగ్ చేయడం మరిచిపోవద్దు. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో టిసియుకి మళ్లీ నేర్పాలి, లేకపోతే మంచి భాగం కూడా చెడ్డదనిపించుకుంటుంది.

పని చేసేటప్పుడు చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి ఉంచండి. బండి ముందు ఎవరినీ నిలబడనివ్వకండి, స్కానర్ నొక్కినప్పుడు క్లచ్ తనంతట తాను పట్టుకుంటుంది. ఆయిల్ పైపులు నట్టు తిప్పి చూద్దామనుకోకండి. ఇంజన్ ఆగి ఉన్నా అక్యుములేటర్‌లో పదుల బార్ల ఒత్తిడి దాగి ఉంటుంది, దాన్ని స్కానర్‌తో దింపాకే చెయ్యి పెట్టాలి. తలుపు తీస్తేనే పంపు తిరుగుతుందని కూడా గుర్తుంచుకోండి. మీ చెయ్యి లోపల ఉన్నప్పుడు పిల్లలెవరైనా తలుపు తీయొచ్చు.

మాస్టారి బండిని ఆ సాయంత్రమే ఇవ్వలేదు. ఏసీ వేసి, లైట్లు వేసి, ఆయన ఆగిపోయిన బెంజి సర్కిల్ సిగ్నళ్ల దగ్గరికే ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాను. చెడిన పరిస్థితిలోనే బాగైందని చూడాలి, షెడ్డు ముందు నాలుగు గజాలు తిప్పి చూస్తే చాలదు. స్కానర్‌లో వోల్టేజి, క్లచ్ పొజిషన్ గీతలు రెండూ తెరిచి పెట్టాం. సిగ్నల్ మూడుసార్లు పడింది, మూడుసార్లూ గేరు పడింది. వెనక్కి వచ్చాక ఫ్యూజు బాక్సు మూత లోపలి వైపు చిన్న స్టిక్కరు అంటించి, ‘పంపు ఎర్తు డ్రాప్ 0.04, తలుపు తీసినప్పుడు పంపు 4 సెకన్లు’ అని రాసి తేదీ వేశాను. మాస్టారు కళ్లజోడు సవరించుకుని అది చదివారు. ఇంటికి వెళ్లేముందు తలుపు తీసి, మోత ఆగేదాకా నిలబడి, వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు.